పాట ఆగిన చోట యోషి

సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగంలో చేరబోయే కుర్రాళ్ళు అప్పుడప్పుడు కాకినాడలో మా ఇంటికి వస్తుంటారు. చేతిలో సర్టిఫికెట్ల ఫైలు ఉంటుంది, వీసా ఇంకా రావలసి ఉంటుంది. "ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు సార్?" అన్నది మొదటి ప్రశ్న. నాకు తెలియదు. నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్ళంతా ఈపాటికి మనవల్ని ఆడించుకుంటూ ఉంటారు. "చేరాక ఏం చెయ్యాలి సార్?" అని మాత్రం ఒక్కడూ అడగడు. అడగకపోయినా చెప్పాలన్న దుగ్ధ నాకుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదట ఒక ఎరువుల ఫ్యాక్టరీలో, ఆ తర్వాత ఖతర్‌లో, నా ఉద్యోగజీవితమంతా ఈ ఒక్క పనిలోనే గడిచింది. పుస్తకాలు చదివాను, శిక్షణలకు వెళ్ళాను, శిక్షణలు ఇచ్చాను. కానీ ఈ పనిలో అసలు కిటుకు నాకు నేర్పింది జపాన్‌కి చెందిన ఒక పాటల బృందం. గిటార్లు పట్టుకుని గొంతు చించుకునే నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళని నేను చూడలేదు, ఫొటో కూడా సీడీ అట్ట మీద చూసిందే. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

రెండు చేతులూ పైకి

ఖతర్‌లో చమురు, గ్యాసు పొంగుతున్న రోజులవి. దోహాలోని వెస్ట్ బేలో ఈ శుక్రవారం చూసిన బిల్డింగ్ వచ్చే శుక్రవారానికి ఇంకో అంతస్తు పెరిగి ఉండేది. మేముండేది మదీనత్ ఖలీఫాలో, ఒక విల్లాను మూడు వాటాలుగా చేసి అద్దెకిస్తే అందులో ఒక వాటా. తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కితే ఉత్తరంగా ఎడారిలో గంటకు పైగా ప్రయాణం. సముద్రం ఒడ్డున గ్యాస్ ప్లాంటు కడుతున్నారు. కట్టేది ఒక జపాన్ కంపెనీ. అందులో ఎత్తు మీద పనిచేసే మనుషుల ప్రాణాలకు నేను కాపలా.

నా ఏరియాలో నూటపాతిక మంది దాకా ఉండేవారు. ఎక్కువమంది స్కాఫోల్డర్లు, అంటే ఇనప పైపులతో పరంజా కట్టేవాళ్ళు. సగానికి సగం మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళే. మిగతావాళ్ళు నేపాలీలు, బంగ్లాదేశీయులు.

జపాన్ వాళ్ళ పద్ధతి ఒకటుంది. పొద్దున్నే డ్యూటీ మొదలయ్యే ముందు అందరూ వరసల్లో నిలబడి వ్యాయామం చెయ్యాలి. ఒక పాత పియానో టేపు వేస్తారు, దానికి తగ్గట్టు చేతులు పైకెత్తి దించాలి. తర్వాత ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఎదుటివాడి హెల్మెట్ వైపు వేలు చూపించి "హెల్మెట్ యోషి!" అనాలి. యోషి అంటే వాళ్ళ భాషలో సరిగ్గా ఉంది అని. అలాగే ఒంటికి కట్టుకునే సేఫ్టీ బెల్టు ఛాతీ బకిల్, తొడల పట్టీ, దాని తాడు చివరి హుక్కు. పైకెక్కాక, హుక్కు పైపుకి తగిలించి, మళ్ళీ దానికేసి వేలు చూపించి "హుక్ యోషి" అన్న తర్వాతే అడుగు ముందుకు వెయ్యాలి. కన్ను, వేలు, నోరు మూడూ ఒకచోట పనిచేస్తే మనసు కూడా అక్కడికి వస్తుందని వాళ్ళ నమ్మకం. మంచి నమ్మకమే.

కానీ మనవాళ్ళ సంగతి తెలుసుగా. కళ్ళు సగం మూసుకుని, పియానోతో సంబంధం లేకుండా చేతులూపేవారు. "యోషి" అనడం ఆవలింతలో కలిసిపోయేది. సైట్ మేనేజర్ మురాయి సాన్ (సాన్ అంటే మన 'గారు') ముందు వరసలో నిలబడి, అరవై ఏళ్ళ వయసులో, ఇంచు కూడా తేడా లేకుండా వ్యాయామం చేసేవారు. ఆయన వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టయ్యేది.

మురాయి సాన్ గురించి ఒక మాట. నేను పనిచేసిన బాసుల్లో ఆయనంత నిక్కచ్చి మనిషి లేరు. దారిలో బోల్టు కనిపిస్తే వంగి తీసి జేబులో వేసుకునేవారు. ఎవరినీ గట్టిగా తిట్టేవారు కాదు. కానీ రూలంటే రూలే. ఎత్తు మీద హుక్కు లేకుండా దొరికితే ఎగ్జిట్, తర్వాతి విమానంలో ఇంటికి. రెండో అవకాశం మాఫీ, అంటే గల్ఫ్ అరబ్బీలో 'లేదు' అని. ఆ కాగితం మీద అందరి చేతా సంతకాలు చేయించింది నేనే.

ఒకుదా సాన్ సీడీ

ఒకరోజు ఆ పియానో టేపు ప్లేయర్‌లో చిక్కుకుని తెగిపోయింది. మురాయి సాన్ ఆ రోజు మీటింగ్‌కి దోహా వెళ్ళారు. నూటపాతిక మంది వరసల్లో నిలబడి నా వైపు చూస్తున్నారు. పక్కన ప్లానింగ్ ఇంజినీర్ ఒకుదా ఉన్నాడు. పాతికేళ్ళవాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఎవరు ఎదురైనా నడుం వంచే కుర్రాడు. "నా కారులో ఒక సీడీ ఉంది, వెయ్యనా?" అన్నాడు భయంభయంగా. ఏదో ఒకటి వెయ్యమన్నాను.

స్పీకర్లోంచి వచ్చింది పాటని నేను మొదట ఒప్పుకోలేదు. డ్రమ్ములు ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతున్నాయి. పాడేవాడికి శ్రుతి లేదు. లేదని వాడికీ తెలుసు, అయినా ఖాతరు చెయ్యట్లేదు. మధ్యలో నలుగురూ కలిసి "మియెనై! మియెనై!" అని అరుస్తున్నారు. ఆపమని చెయ్యెత్తబోయి, వరసల వైపు చూసి ఆగిపోయాను. ఒక్కడి కళ్ళూ మూసుకుని లేవు. కొందరు కాళ్ళతో తాళం వేస్తున్నారు. ముందు వరసలో రాజేశం అరిచాడు: "గిదేం పాట సార్, దెబ్బకు నిద్రమబ్బు ఎగిరిపోయింది!"

రాజేశం మెట్‌పల్లి వైపు మనిషి, నలభై దాటిన వయసు. మా స్కాఫోల్డర్లలో అతనంత పనితనం ఇంకొకరికి లేదు. పైపు చేత్తో పట్టుకుంటే చాలు, వంకరుందో లేదో చెప్పేవాడు. పైపులు లాగేటప్పుడు "జోర్ లగాకే" అని అందుకునేదీ అతనే, అందరిచేతా "హైసా" అనిపించేదీ అతనే. అలాంటివాడికి ఆ పాట ఇట్టే నచ్చింది. అందులోనూ అదే కదా ఉంది, ఒకడు అందుకుంటాడు, మిగతావాళ్ళు అరుస్తారు.

నాకు మాత్రం కుతూహలం పట్టుకుంది. గొంతెత్తి మాట్లాడని ఈ ఒకుదా సీడీలో ఈ అరుపులేమిటి? ఆ రోజు భోజనం వేళ అడిగాను. పంక్ అన్నాడు. సంగీతం సరిగ్గా రాకపోయినా పర్వాలేదనుకునే వాళ్ళ సంగీతమట. వాళ్ళు నలుగురూ మంచు కురిసే ఒక చిన్న ఊళ్ళో ఒకే బడిలో చదువుకున్నారు. జపాన్ కుర్రకారు అంతా వాళ్ళ పాటలు పాడుకునేవారట. పరీక్ష తప్పి, ఇంట్లో పాసయ్యానని చెప్పినవాడి పాట ఒకటి. చివరి బస్సు పోయి, నడిచి ఇంటికెళ్ళేవాడి పాట ఒకటి. ప్రేమించిన అమ్మాయి పేరు తెలియనివాడి పాట ఒకటి. గెలిచినవాడి పాట ఒక్కటీ లేదు.

"మా దేశంలో నాకు తెలియదు, నాకు రాదు అని మెల్లగా చెప్పడం చాలా కష్టం మూర్తి సాన్," అన్నాడు ఒకుదా. "అందుకే వాళ్ళు అరిచి చెప్పారు."

బాగుంది అనుకున్నాను. అన్ని పాటల గురించీ అడిగాను గానీ, మేం పొద్దున వేసిన పాటలో ఏముందో అడగలేదు. చెయ్యి కడుక్కునే వేళైంది, లేచిపోయాను.

నా తెలివి

మర్నాడు కొత్త పియానో టేపు వచ్చింది. వ్యాయామం దానితో చేయించి, జంటగా చెక్ చేసుకునేటప్పుడు ఒకుదా పాట వేయిస్తానని మురాయి సాన్‌ని ఒప్పించాను. ఆయన ఆ శబ్దాన్ని భరించలేక, పాట మొదలవగానే తన జీపు దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. కానీ జనం మేలుకున్నారని ఆయనకూ కనిపిస్తోంది. సరే అన్నారు.

ఇక నా తెలివి చూడండి. పాటలో ఆ అరుపు నాలుగుసార్లు వస్తుంది. మా చెకింగులో అంశాలూ నాలుగు. రెండూ జత చేశాను. "మియెనై! మియెనై!" అని అందరూ అరవాలి, డ్రమ్ము పడగానే వేళ్ళు చాపి "హెల్మెట్ యోషి!" అనాలి. మళ్ళీ అరుపు, "బకిల్ యోషి!" మళ్ళీ అరుపు, "పట్టీ యోషి!" మళ్ళీ, "హుక్ యోషి!" నూటపాతిక గొంతులు ఒక్కటై అరుస్తుంటే పక్క ప్లాంటు వాళ్ళు వచ్చి నిలబడి చూసేవారు.

నాలుగో అరుపు తర్వాత పాటలో ఒక ఖాళీ ఉండేది. వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దంలో పాడేవాడు ఒక్కడే ఏదో ఒక మాట మెల్లగా అనేవాడు. అక్కడ మా జనం ఊపు చల్లారిపోతోందని, నాలుగో యోషి కాగానే పాట కట్టెయ్యమని ఒకుదాకి చెప్పాను. రోజూ అక్కడే కత్తిరించేవాళ్ళం.

ఆ పాట పైకి కూడా ఎక్కింది. నలభై అడుగుల ఎత్తున పరంజా మీద కూడా మనవాళ్ళు అదే పాడుకుంటూ, అదే తాళానికి హుక్కు కేసి వేలు చూపించి యోషి అనేవారు. కింద నిలబడి వింటుంటే నాకు కడుపు నిండిపోయేది. ప్రాజెక్టు పెద్దలు అతిథులు వచ్చినప్పుడల్లా మా వరసల దగ్గరికే తీసుకొచ్చేవారు. నాకో ఫలకం కూడా ఇచ్చారు. అది ఇప్పుడు మా వంటింట్లో పప్పుల డబ్బాల వెనక ఉంది, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఇంట్లో స్నానం చేస్తూ కూడా అదే కూనిరాగం. మా ఆవిడ లలిత తలుపు తట్టి అడిగింది: "ఏవండీ, ఏమిటా అరుపులు? అసలు దానికి అర్థమేమిటి?"

"నాకేం తెలుసు?"

"అర్థం తెలియకుండా అంత గట్టిగా ఎలా పాడతారండీ?"

"మంత్రాలన్నీ అర్థం తెలిసే చదువుతున్నామా?" అని నోరు మూయించాననుకున్నాను.

గాల్లో రెండు బూట్లు

ఒక ఆదివారం పొద్దున, టీ విరామానికి కాస్త ముందు, పైపుల వరస పక్కన నడుస్తున్నాను. పైన రాజేశం బృందం పని చేస్తోంది. "మియెనై, మియెనై" వినిపించింది. "హుక్ యోషి!" అని రాజేశం గొంతు, స్పష్టంగా. నేను నవ్వుకుంటూ తలెత్తాను.

అతను పై నుంచి వస్తున్న పైపు అందుకోవడానికి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు కింద పలక లేదు.

అడ్డ పైపు చేతికి తగలబట్టి పట్టుకున్నాడు. హుక్కు తాడు బిగుసుకుని ఆపాలి కదా, ఆపలేదు. రెండు చేతులతో వేలాడుతున్నాడు. కింద నుంచి నాకు కనిపించింది గాల్లో కొట్టుకుంటున్న రెండు బూట్లు మాత్రమే. సేఫ్టీ ఆఫీసర్‌ని, మెడలో ఈల ఉంది, ఊదడం తోచలేదు. పైన అతని పక్కనున్న ఇద్దరు పలక మీద పడుకుని, అతని బెల్టు పట్టుకుని పైకి లాగేశారు. భుజం కీలు తప్పింది, అంతే. అంతే అని ఇప్పుడంటున్నాను.

హుక్కు ఎక్కడుందో వెళ్ళి చూశాను. పైపుకి లేదు. రాజేశం బెల్టుకే, అతని సొంత నడుం దగ్గరి రింగుకే తగిలించి ఉంది. నడిచేటప్పుడు తగిలించుకునే చోటది. తన హుక్కు తనకే వేసుకుని, దానికేసి వేలు చూపించి, యోషి అని, అడుగు వేశాడు.

మధ్యాహ్నానికి మురాయి సాన్ పిలిచారు.

"మూర్తి సాన్, హుక్కు పైపుకి ఉందా?"

"లేదు."

"రూలు కాగితం మీద అతని సంతకం ఉందా?"

"ఉంది."

"అయితే గురువారానికి మీ రిపోర్టు ఇవ్వండి. శనివారం ఎగ్జిట్."

నిర్లక్ష్యం అనే మాట

రిపోర్టు పావుగంటలో రాసేశాను. 'ప్రమాద కారణం: కార్మికుడి నిర్లక్ష్యం.' ఈ ఉద్యోగంలో మీరందరూ వాడబోయే మాట ఇది. చాలా సుఖమైన మాట. ఆ ఒక్క మాట రాసేస్తే ఇంకెవరూ ఏమీ ఆలోచించక్కర్లేదు. నా మొదటి ఉద్యోగంలో మా అధికారి ప్రతి రిపోర్టులోనూ అదే రాసేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే నేనూ రాశాను.

సంతకం కోసం క్యాంప్ క్లినిక్‌కి వెళ్ళాను. రాజేశం భుజానికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాగితం చూసి, చదవకుండానే పక్కన పెట్టాడు.

"నన్ను పంపుతరా సార్?"

నేను పెన్ను తీసి కాగితం పక్కన పెట్టాను.

"గీ రిమార్కుతోని పోతే మల్ల ఏ కంపెనీ తీస్కుంటది సార్? పద్దెనిమిదేండ్లు గీ పైపుల మీదనే బతికిన. నాకు ఇంకో పని రాదు." భుజం కట్టు సర్దుకుంటూ మళ్ళీ అన్నాడు. "మా అవ్వకు ఏమని చెప్పాలె? నేను ఇంకా దుబాయ్‌ల ఉన్న అనే అనుకుంటది ఆమె. ఖతర్ అంటే గూడ తెల్వది."

"హుక్కు ఎందుకు వెయ్యలేదు రాజేశం?"

అప్పుడు అతను నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. నాకన్నా అతనికే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంది.

"ఏసిన అనే అనుకున్న సార్. టక్కుమని సప్పుడు గూడ ఇన్న. ఏలు సూపెట్టిన, యోషి అన్న. నేను సూడలే అంటే ఒప్పుకుంట. కని సూడలే అని నాకే తెల్వకపాయె, గదెట్ల సార్?"

ఈ ప్రశ్న నా మెదడును తొలిచేసింది. అబద్ధం చెప్పే మనిషైతే మర్చిపోయానంటాడు, తాడు జారిందంటాడు. ఇతను నన్నే అడుగుతున్నాడు, ఎట్లా అని. దానికి జవాబు నా రిపోర్టులో లేదు. సంతకం అడక్కుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఒకుదా తన కారులో ఎక్కించుకున్నాడు. స్టార్ట్ చెయ్యగానే అదే పాట మొదలైంది. ఆపబోయాడు. వద్దన్నాను. లలిత అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

"ఒకుదా సాన్, మియెనై అంటే ఏమిటి?"

"కనిపించట్లేదు అని," అన్నాడు.

అర్థం కాక మళ్ళీ అడిగాను. రోడ్డు పక్కకి కారు తీసి ఆపి వివరంగా చెప్పాడు. చీకట్లో కొండదారిన ఒకడు స్నేహితుడి కోసం వెతుకుతుంటాడు. కనిపించట్లేదు, కనిపించట్లేదు, ఇంకా కనిపించట్లేదు అని అరుస్తుంటాడు. పాటంతా అదే.

అంటే, ఇన్ని నెలలుగా నూటపాతిక మంది చేత పొద్దున్నే వేళ్ళు చాపించి, 'కనిపించట్లేదు, కనిపించట్లేదు, హుక్కు సరిగ్గా ఉంది' అని నేను అరిపిస్తున్నానన్నమాట!

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు అడగలేదు మూర్తి సాన్. అరవడానికి బాగుందని పెట్టుకున్నారనుకున్నాను."

"మరి చివర్న, అన్నీ ఆగిపోయాక మెల్లగా ఏదో అంటాడే, అదేమిటి?"

"అదా? మియెతా. కనిపించింది అని." ఒకుదా కాస్త సిగ్గుపడ్డాడు. "పాటలో మంచి చోటు అదే. అరవడం ఆపాకే వాడికి దీపం కనిపిస్తుంది."

నేను రోజూ కట్టేయించిన చోటు అది.

పదకొండు మంది

అర్థం తెలియని పాట పాడటం వల్ల ఎవరూ కింద పడరు, అది నాకూ తెలుసు. కానీ ఆ మాట విన్నాక ఒక అనుమానం పుట్టింది. అనుమానం పుడితే పరీక్షించాలి, అదే మన ఉద్యోగం. మర్నాడు పొద్దున బెల్టు వేసుకుని, కుడి తొడ పట్టీ మాత్రం బిగించకుండా మోకాలి దాకా వేలాడేశాను. ఆ పట్టీ లేకుండా పడితే మనిషి బెల్టులోంచి జారిపోతాడు. అలా వెళ్ళి వరసలో ఒకడికి జంటగా నిలబడ్డాను.

"మియెనై! మియెనై! పట్టీ యోషి!" అన్నాడు అతను, నా తొడ కేసి వేలు చూపిస్తూ.

పాట మళ్ళీ వేయించి ఎదుటివాణ్ణి మార్చాను. వాడూ యోషి అన్నాడు. మరునాడూ అలాగే నిలబడ్డాను. రెండు రోజుల్లో పదకొండు మంది ముందు నిలబడ్డాను, పదకొండు మందీ యోషి అన్నారు. ఒక్కడూ దొంగ కాదు, ఒక్కడూ బద్ధకస్థుడు కాదు. వేళ్ళు సరిగ్గా పట్టీ మీదికే వెళ్ళాయి. కళ్ళు మాత్రం నా మొహం మీద ఉన్నాయి. సార్ మనతో కలిసి పాడుతున్నాడని నవ్వుతున్నారు. తాళం తప్పకుండా అనడం మీదే ధ్యాసంతా, చూడటానికి తాళం సందివ్వట్లేదు. రాజేశం అడిగినదానికి జవాబు అదే. అతని నిర్లక్ష్యం కాదు. చూసే పనిని నేను పాట చేశాను, పాట చూడదు.

గురువారం వచ్చింది. నా జేబులో ఇప్పుడు రెండు రిపోర్టులున్నాయి. రెండోదానిలో 'ప్రమాద కారణం: సేఫ్టీ ఆఫీసర్ పెట్టిన పద్ధతి' అని రాశాను. ఇవ్వాలంటే భయం వేసింది, దాచడమెందుకు? ఆ కంపెనీలో నా ఉద్యోగం, మదీనత్ ఖలీఫాలో మా కాపురం అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. పైగా, మురాయి సాన్ ఒక్క కాగితంతో రూలు మార్చే మనిషి కాదు. అందుకని ఇంకో పని చేశాను. తప్పో ఒప్పో మీరే చెప్పండి.

పొద్దున వరసలు కట్టగానే ఆయన దగ్గరికి వెళ్ళి, "ఇవాళ నాతో జంటగా నిలబడతారా?" అని అడిగాను. జీపు దగ్గరికి బయల్దేరిన మనిషి ఆగిపోయి, వింతగా చూసి, వచ్చి ఎదురుగా నిలబడ్డారు. పాట మొదలైంది. చుట్టూ హోరు. ముప్పై ఏళ్ళుగా ఈ పద్ధతిలో పండిపోయిన ఆ పెద్దాయన కూడా ఆ తాళంలో పడ్డారు. హెల్మెట్ యోషి. బకిల్ యోషి. నా తొడకేసి వేలు చాచి, "పట్టీ యోషి!" అన్నారు.

నేను చేత్తో ఆ పట్టీ పట్టుకుని పైకెత్తి చూపించాను.

ఆయన చెయ్యి అలాగే చాపి ఉండిపోయింది. నాలుగోది, 'హుక్ యోషి', ఆయన అననేలేదు.

మూడు టికెట్లు

ఆఫీసు గదిలో రెండో రిపోర్టు రెండుసార్లు చదివారు.

"ఇది ఎప్పటి నుంచి జరుగుతోంది?"

"నేను పాట పెట్టినప్పటి నుంచి."

సొరుగులోంచి రాజేశం ఎగ్జిట్ కాగితం తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది పంపితే మూడు టికెట్లు కొనాలి మూర్తి సాన్," అన్నారు. "అతనికి, మీకు, నాకు."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బోల్టులు వేసుకునే జేబులో వేసుకున్నారు. అది మళ్ళీ బయటికి రాలేదు. తర్వాత ఒకుదాని పిలిచి, ఆ పాట మొదటి నుంచి చివరిదాకా వినిపించమన్నారు. నిలబడే విన్నారు. మొహం చేదు మందు తాగుతున్నట్టు ఉంది. ఆ ఖాళీ వచ్చి, వాడు మెల్లగా ఆ ఒక్క మాట అనగానే వేలెత్తారు. "ఇక్కడ," అన్నారు.

శనివారం నుంచి పద్ధతి మారింది. పాట పాడుకోండి, అరుచుకోండి, నిద్ర వదిలించుకోండి. ఖాళీ రాగానే ఒకుదా మీట నొక్కి పాట ఆపేసేవాడు. అప్పుడు అందరూ నోరు మూసుకోవాలి. ఎదుటివాడి పట్టీ, బకిల్, హుక్కు చేత్తో పట్టుకుని లాగి చూడాలి. చూసినవాడు, చూశాకే, తనకు తానుగా యోషి అనాలి. పక్కవాడితో కలిసి అనకూడదు. మొదటి రోజు ఆ నిశ్శబ్దంలో యోషీలు రేకుల మీద తొలి చినుకుల్లా ఒకటీ ఒకటీ పడ్డాయి. మొదటి రోజే నాలుగు వదులు పట్టీలు దొరికాయి. అవి అంతకు ముందూ ఉండే ఉంటాయి.

అతిథులకు మాత్రం ఇది నచ్చలేదు. ఇదివరకటి హుషారు లేదన్నారు. వాళ్ళని తీసుకురావడం మానేశారు, మంచిదే అయింది. మీ సైటులో అన్నిటికన్నా గట్టిగా వినిపించే శబ్దం మీద ఓ కన్నేసి ఉంచండి. దాని వెనక ఏం కనిపించకుండా పోతోందో వెతకండి. మీ మనుషులు రోజూ అరిచే మాటకి అర్థమేమిటో సిగ్గుపడకుండా అడగండి. నేను చెప్పగలిగినంత వరకు సేఫ్టీ అంటే అంతే.

మళ్ళీ పైన

రాజేశం భుజం నయమవడానికి రెండు నెలలు పట్టింది. అంతకాలం కింద స్టోర్లో పైపులు ఏరిపెట్టే పని ఇచ్చారు. మళ్ళీ పైకెక్కే రోజున అతని మొహంలో భయం కనిపించింది. నాకూ భయమే. "నేనూ వస్తాను పద," అన్నాను.

అవి రంజాన్ రోజులు కాబట్టి పొద్దున పాట లేదు, స్పీకర్లు కట్టేసి ఉన్నాయి. నిచ్చెన మీదుగా ఇద్దరం నెమ్మదిగా ఎక్కాం. అతను పడబోయిన చోటికే వెళ్ళాం. సముద్రం మీంచి వేడిగాలి కొడుతోంది. కింద మనుషులు చిన్నగా కనిపిస్తున్నారు. నాకు అతని మీదే ధ్యాస. కాళ్ళు వణుకుతున్నాయా, భుజం నొప్పి పెడుతోందా, పలక బిగించి ఉందా అని చూస్తున్నాను. ధైర్యం చెప్పాలని ఏదేదో వాగుతున్నాను కూడా. "ఏం పర్లేదు రాజేశం, అన్నీ సరిగ్గా ఉన్నాయి, నేనున్నాగా."

రాజేశం తన హుక్కు పైపుకి వేశాడు. పెదాల మీదే "మియెనై, మియెనై" అనుకున్నాడు. ఆగాడు. హుక్కుని పట్టుకుని లాగి చూసి, "యోషి," అన్నాడు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగాడు. నేను అడుగు ముందుకు వెయ్యబోతున్నాను. అతని చెయ్యి వచ్చి నా ఛాతీ మీద ఆనింది.

"ఆగుండ్రి సార్."

"ఏమైంది?"

అతను నా నడుం కేసి చూస్తున్నాడు. ఈసారి నేను ఏ పరీక్షా పెట్టలేదు. ఒట్టు.

"యోషి మాఫీ సార్," అన్నాడు. "మీ హుక్కు మీ బెల్టుకే ఉంది."